దాలమ్మ నిలువు బల్ల

బొబ్బిలి,
6-2-1968.

అమ్మకు నీ కొడుకు సోములు దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నీ కోడలు లక్ష్మణమ్మ, నేను బాగానే ఉన్నాం. శృంగవరపుకోటలో చెల్లి ఇంట్లో నువ్వు కులాసాగా ఉన్నావని బావ రాసిన కార్డు వల్ల తెలిసింది. ఇది కూడా ఆయనే నీకు చదువుతాడు. మధ్యలో మాటలు మింగెయ్యవద్దని చెప్పు.

గుమ్మడి పాదు కాసిందా అని అడిగావు. నాలుగు కాయలు దిగాయి. మేక ఇంకా ఈనలేదు. నా కోపం తగ్గిందా అని కూడా అడిగావు. తగ్గలేదు.

పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడు దెబ్బతిందనీ, అందుకే మన పిల్ల దాలమ్మ కాళ్లు బిగుసుకుపోతున్నాయనీ పట్నం డాక్టరు చెప్పినప్పుడు నువ్వూ పక్కనే ఉన్నావు. రోజూ రెండు పూటలా నిలబెడితే కండలు సాగుతాయి, లేకుంటే మోకాళ్లు ముడుచుకుపోతాయి అని ఆయన కాగితం మీద నిలబెట్టే బల్ల బొమ్మ గీసి ఇచ్చాడు. వీణ కోసం ఎండబెట్టుకున్న పనస చెక్కతో నేను ఆ బల్ల చేశాను. రొమ్ముకూ మోకాళ్లకూ తోలు పటకాలు బిగించాను. నేను వీణల పనికీ, లక్ష్మణమ్మ పొలానికీ పోవాలి. "నానుండగా మీకు బెంగేటి" అన్నావు.

ఆరు నెలలు. సాయంత్రం ఇంటికొచ్చి అడిగితే దాలమ్మ ముందుగా నీ మొహం చూసేది. తర్వాత "నిలబడ్డాను నాన్నా" అనేది.

పోయిన నెల పట్నంలో డాక్టరు దాని కాలు సాగదీయబోతే మోకాలు తిన్నగా రాలేదు. "నిలబెట్టడం మానేశారా?" అన్నాడు. రోజూ మా అమ్మ నిలబెడుతోందని గట్టిగా చెప్పాను. తిరుగు బస్సులో అందరి ముందూ లక్ష్మణమ్మనే తిట్టాను. పిల్ల కంటే పొలమే ఎక్కువైందా అన్నాను. అది పిల్లను ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. అప్పుడు దాలమ్మే ఏడ్చింది.

"అమ్మనేటీ అనకు నాన్నా. నాన్నమ్మే నన్ను ఇప్పేసి ఒళ్లో కూకోబెట్టుకుంటాది. నిలబడ్డానని సెప్పమంది."

ఇంటికొచ్చి అడిగితే నువ్వు దాచలేదు. "పసిదాన్ని కర్రకి కట్టేసి, అదేడుస్తంటే ఎలా సూత్తాన్రా" అన్నావు. మర్నాడే మూట కట్టుకుని వెళ్లిపోయావు. దాని ఏడుపు మాకు మాత్రం వినబడదనుకున్నావా అమ్మా? ఆరేళ్ల పిల్లకు తండ్రి కళ్లలోకి చూసి అబద్ధం ఆడడం నేర్పావు.

ఇంకొకటి ఉంది. లక్ష్మణమ్మకు నిన్ననే చెప్పాను, నీకూ చెప్పాలి. కార్తీకంలోనే ఒకసారి ఆ పటకాలు చేత్తో పట్టుకున్నాను. తోలు ఎక్కడా మెత్తబడలేదు, కన్నాలు సాగలేదు. రోజూ బిగించే తోలు అలా ఉండదని నాకు తెలుసు. తెలిసీ నిన్ను అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయపడ్డాను. లక్ష్మణమ్మ నాతో ఇంకా మాట్లాడడం లేదు.

వచ్చే నెల పదో తారీకున దాలమ్మ మోకాళ్ల వెనక బిగిసిన నరాలు కోసి సాగదీస్తారట. ఆ తర్వాత మళ్లీ రోజూ నిలబెట్టాలి. పిల్ల నిన్ను అడుగుతోంది. దాని కోసం రా. కానీ నిలబెట్టావా అని ఇక నిన్ను అడగను. రెండు పూటలా పని ఆపుకుని ఇంటికొచ్చి నా కళ్లతో చూసుకుంటాను.

ఇట్లు,
నీ మాట నమ్మాలనుకున్న కొడుకు,
సోములు