లారీ ఉన్న చోటు

చిన్నోడా, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఇళ్ళ మధ్య లారీలు నిలపకూడదన్న రూలు పట్టుకుని ఎదురింటి మాస్టారే మీ అన్నయ్య బండిని తీయించారని ఆయన గుమ్మంలో నిలబడి అరిచి వెళ్ళావు. ఆ ఫిర్యాదు రాసింది నేనురా. సంగతి తెలిసి కూడా ఆయన నా పేరు చెప్పలేదు. వచ్చి, ఆయన్ని క్షమించమని అడుగు.

మీ అన్నయ్య పోయి ఆరు నెలలైనా, అమ్మ రోజూ పొద్దున్నే లారీ మెట్టు మీద టీ గ్లాసు పెట్టేది. "బండి ఇక్కడే ఉందిగా, వాడెక్కడికి పోతాడే?" అనేది. బండి కళ్ళ ముందున్నంత కాలం అమ్మ నమ్మదనిపించింది. ప్రార్థన చేసుకుని, బండి తీయించమని మున్సిపల్ ఆఫీసుకి రాశాను.

బండి వెళ్ళిన మర్నాడు అమ్మ గ్లాసుతో గేటు దాకా వెళ్ళి, ఖాళీ చోటు చూస్తూ నిలబడిపోయింది. తర్వాత వెనక్కి వచ్చి, "చల్లారిపోతోందే, నువ్వు తాగు" అని నా చేతికిచ్చింది.

తాగాను.

అక్క