నాన్నగారి పేరున బల్ల

చాండ్లర్, అరిజోనా

చి. జగదీష్‌కు,

నేను కులాసా. ఆస్పత్రి ముందు నాన్నగారి పేరున బల్ల వేయిస్తానని మళ్ళీ అడిగావు. ఆయన పేరు మీద ఊరంతా కూర్చోవాలా అని ఇదివరకే కాదన్నాను. ఇప్పుడు నా జవాబు వేరు.

ఆదివారం నీ మేనకోడలు సాన్వితో ఇక్కడి పార్కులో తీరిగ్గా నడిచాను. ఎడారి ఊరు కదా, జెముడు మొక్కలకే మడులు కట్టి పెంచుతున్నారు. ఎండకు నాకు కళ్ళు తిరిగాయి. చెట్టు నీడన రాతి బల్ల ఉంది. దాని మీద ఒకాయన పేరూ, పుట్టిన, పోయిన సంవత్సరాలూ చెక్కి, పూలు పెట్టారు. సమాధి అనుకుని చేతులు జోడించి నిలబడ్డాను.

"అమ్మమ్మా, ఇట్స్ జస్ట్ ఎ బెంచ్! కూర్చో!"

"నోర్ముయ్. పెద్దాయన పడుకున్న చోటు."

అంతలో నా వయసు దొరసాని ఒకావిడ వచ్చి, పూలు పక్కకు జరిపి, నన్ను కూర్చోబెట్టి, తన సీసాలోని నీళ్ళు తాగించారు. ఆ పేరు ఆవిడ భర్తదట. "ఆయన ఉంటే మిమ్మల్ని ఇంతసేపు నిలబడనిచ్చేవారా?" అన్నారు. ఆ దంపతులిద్దరికీ రుణపడ్డాను.

కొత్త చింతపండు కొన్నారా? గింజ తీసి, ఉప్పు వేసి జాడీలోనే పెట్టమని నళినితో చెప్పు. కరెంటు రసీదులు తేదీల వరసన ఉంచు.

బల్ల వేయించు. రోగుల వెంట వచ్చినవాళ్ళకు నీడ ఉండే చోటు చూడు. పేరు కూర్చునే చోటే చెక్కించు, నాన్నగారు ఏమీ అనుకోరు.

మీరిద్దరూ చల్లగా ఉండాలి.

అమ్మ