దండానికి ఆకుపచ్చ రంగు

ఆఫీసు నుంచి,
గురువారం, 17వ తేదీ, మధ్యాహ్నం

బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని రాయడం మామూలే గానీ, కాదని తెలిసి కూడా రాస్తే మీరు నవ్వుతారు. అందుకని రాయడం లేదు. అక్క వేళ్ల వాపు తగ్గిందో లేదో, కట్టు ఎప్పుడు విప్పుతామన్నారో ఒక్క ముక్క తెలియజేయండి. మీకు రాయబుద్ధి కాకపోతే నా మేనకోడలి చేత రాయించండి.

పది రోజులుగా మీరు నా ఫోను ఎత్తడం లేదు. తప్పు పట్టను. మీ స్థానంలో నేనుంటే ఇంకో పది రోజులు ఎత్తను. అందుకే ఇవాళ భోజనాల వేళ కిందికి దిగి కాగితాలు, పెన్ను కొనుక్కొచ్చాను. చేత్తో ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. నాలుగు పంక్తులకే వేళ్లు లాగుతున్నాయి. కుట్టుమిషను పక్కన కూర్చుని అక్క ఎడమ చేత్తో గుండీలు ఏరుతోందని మేనకోడలు చెప్పాక, నా వేళ్ల సంగతి రాయడానికి కూడా సిగ్గేస్తోంది.

అసలు నా ఉద్యోగం ఏమిటో మీ ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. లిఫ్టుల కంపెనీలో పని అనగానే నేను లిఫ్టులు బిగిస్తాననుకుంది అక్క. మీరేమో, పైకి తీసుకెళ్లే ఉద్యోగమే, అప్పుడప్పుడూ కిందికి కూడా వస్తూ ఉండు అన్నారు. నేను బిగించేదీ లేదు, బాగుచేసేదీ లేదు. మా కంపెనీ గురించి జనం ఆన్‌లైన్‌లో ఏమంటున్నారో చూస్తూ కూర్చోవడమే నా పని. దానికో సాఫ్ట్‌వేర్ ఉంది. మేం జల్లెడ అంటాం. కంపెనీ పేరు, లిఫ్టు, తలుపు, ఇరుక్కోవడం, ఇలా కొన్ని మాటలు దానికి ఇస్తాం. ఆ మాటలు ఎవరు ఎక్కడ రాసినా పట్టి తెచ్చి నా ముందు పోస్తుంది. మెప్పయితే ఆకుపచ్చ, ఫిర్యాదయితే ఎరుపు, తేల్చుకోలేకపోతే పసుపు. ఎరుపువి రిపేరు వాళ్లకి వెళ్తాయి, మర్నాడు ఒక మనిషి ఆ చిరునామాకి వెళ్లి చూస్తాడు. ఆకుపచ్చవి మా మేనేజరు దగ్గరికి వెళ్తాయి. ఆయన వాటిని చూసుకుంటూ టీ తాగుతాడు.

ఐదేళ్లుగా ఇదే. ఎవరిదో ఒక పిల్లి ఉంది, దానికీ మా కంపెనీ పేరే పెట్టుకున్నారు. అది ఆవులించినా నాకు తెలుస్తుంది, ఎందుకంటే దాని ఫోటోల కింద అబ్బ ఎంత ముద్దుగా ఉందో అని రాసేవన్నీ మా జల్లెడలోనే పడతాయి. ఆ పిల్లిని తీసేద్దామండీ అని మేనేజరుతో ఎన్నోసార్లు అన్నాను. ఉండనీవయ్యా, ఆకుపచ్చ పెరుగుతోంది కదా అంటాడు. అలా ఒక పిల్లి పుణ్యాన మా లిఫ్టులకి మంచి పేరొస్తోంది. మొదట్లో ఇదంతా తమాషాగా ఉండేది. ఇప్పుడు పొద్దున్నే ఆ తెర తెరవాలంటే ఒంట్లో ఓపిక ఉండదు. ఎవరెవరో ఎవరెవర్నో తిట్టుకునే మాటలు రోజంతా చదివి ఇంటికెళితే, మంచినీళ్లు కావాలా అని ఎవరన్నా అడిగినా అందులో రంగు వెతుకుతున్నాను.

మూడు నెలల కిందట మీరు ఫోన్ చేశారు. మీ బిల్డింగు లిఫ్టు మూడో అంతస్తుకి జానెడు కిందే ఆగిపోతోందని, గడప తగిలి జనం తూలుతున్నారని, రిపేరు వాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోవడం లేదని, మీవాళ్లతో ఓ మాట చెప్పి పెట్టరా అని. నాకు రిపేరు వాళ్ల దాకా వెళ్లి అడగడానికి మొహమాటం, బద్ధకం. ఆ మాట చెప్పకుండా గొప్పలు పోయాను. ఆన్‌లైన్‌లో రాసి పడేయండి బావగారూ, కంపెనీ గురించి ఎక్కడ చీమ చిటుక్కుమన్నా నా చెవిన పడుతుంది అన్నాను.

మీరు రాశారు. కాకపోతే మీలాగే రాశారు.

ఈ కంపెనీ పుణ్యమా అని మా ఇంటిల్లిపాదికీ మెట్లెక్కే అలవాటు తిరిగొచ్చింది అని మొదటిసారి. మూడో అంతస్తు నొక్కితే రెండూ ముప్పాతిక దగ్గర దించుతున్న మహానుభావులు, మీకో దండం, మీ లిఫ్టుకో దండం అని రెండోసారి. ఆహా ఏం సేవ, రేపు పడ్డవాళ్లని లేపడానికి కూడా మీరే వస్తారు కాబోలు, చల్లగా ఉండండి అని మూడోసారి.

మీకు గుర్తుందా, పెళ్లయ్యాక మా ఇంట్లో మీరు తొలిసారి భోజనానికి కూర్చున్న రోజు? అమ్మ కంగారులో కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. మీరు రెండు ముద్దలు తిని, మా డాక్టరు నన్ను ఉప్పు తగ్గించమన్న సంగతి మీకెలా తెలిసిందండీ అని అడిగారు. అమ్మ మురిసిపోయింది. నాన్న కూడా అల్లుడు ఎంత మర్యాదస్థుడో అనుకున్నాడు. నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తింది నేనొక్కణ్ణే. ఆ రోజు నుంచే మనిద్దరికీ జత కుదిరింది.

జల్లెడకి ఆ విద్య రాదు. దానికి అసలు తెలుగే రాదు. ఏ మాట మంచిదో ఏది చెడ్డదో పట్టిక రాసిమ్మని కంపెనీ నన్నే అడిగింది. ఒక సోమవారం పూట కూర్చుని గబగబా నింపేశాను. పుణ్యం ఆకుపచ్చ. మహానుభావులు ఆకుపచ్చ. దండం, చల్లగా ఉండండి, అన్నీ ఆకుపచ్చే. మనవాళ్లు దండం పెడితే సగం సార్లు భక్తి అనీ, సగం సార్లు ఇక నా వల్ల కాదని చేతులెత్తేయడమనీ ఆ పూట నాకు తట్టలేదు. బూతులు తిట్టినవాళ్ల లిఫ్టులన్నీ మర్నాటికల్లా బాగయ్యాయి. మర్యాదగా తిట్టిన మీ ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. మీ మూడు మాటలూ ఆకుపచ్చలో కలిసిపోయాయి.

ఆరో తేదీ పొద్దున అక్క కత్తిరించిన బట్టల మూట రెండు చేతుల్తో పట్టుకుని లిఫ్టులోంచి అడుగు బయటపెట్టింది. కాళ్ల ముందు ఏముందో మూట అడ్డమొచ్చి కనపడలేదు. మిగతాది మీకు తెలుసు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగిందని, కత్తెర పట్టే సంగతి ఇప్పుడే చెప్పలేమని డాక్టరు అన్నాడట. పదహారేళ్ల వయసు నుంచి ఆ చేత్తోనే బట్ట కత్తిరించింది. చిన్నప్పుడు నా చొక్కాలన్నీ అదే కుట్టింది.

ఆ పైన కంపెనీ నుంచి మీకొచ్చిన జాబు నేనూ చూశాను. మా లిఫ్టు గురించి మీ నుంచి రాతపూర్వకంగా ఏ ఫిర్యాదూ లేదు, పైగా మూడుసార్లు మెచ్చుకున్నారు అని, మీ మాటలే అచ్చువేసి జతచేశారు. మిమ్మల్ని మీ మాటలతోనే అబద్ధాలకోరుని చేశారు. నేను మేనేజరు దగ్గరికెళ్లి పట్టిక తప్పు అని చెప్పాను. ఇకమీదట దండం తీసెయ్యి, పాతవి మాత్రం ముట్టుకోకు అన్నాడు. సోమవారం మీ బిల్డింగు వాళ్లతో మీటింగు ఉంది కదా, దాని కోసం ఒక కాగితం కూడా తయారుచేశాడు. రంగులన్నీ సాఫ్ట్‌వేర్ తనంతట తానే వేసింది, ఇందులో మనుషుల ప్రమేయం లేదు అని. దాని మీద నా సంతకం కావాలట. ఇప్పుడది నా మోచేతి కిందే ఉంది.

చాలా అలసటగా ఉంది. అక్కకి నా నమస్కారాలు. మేనకోడలికి ముద్దులు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. కవరు అంటించి పోస్టు డబ్బా దాకా వెళ్లాను. వెయ్యలేక వెనక్కొచ్చి కవరు చింపి ఉత్తరం బయటికి తీశాను.

మూడు మాటలూ ఆకుపచ్చలో కలిసిపోయాయి అని పైన ఒక్క ముక్కలో దాటేశాను. మొదటి రెండూ కలిసిపోయిన మాట నిజం. మూడోది కలవలేదు. అందులో పడ్డవాళ్లు అని ఉంది, అది ఎరుపు మాట. చల్లగా ఉండండి అని ఉంది, అది ఆకుపచ్చ. జల్లెడ తేల్చుకోలేక పసుపు వేసి నన్నడిగింది, ఇది మెప్పా, ఫిర్యాదా అని. ముప్పయ్యొకటో తేదీ సాయంత్రం, నెల నివేదిక పంపే వేళ. ఇంకొక్క ఎరుపు పడితే మేనేజరుకి రెండు పేజీల సంజాయిషీ రాయాలి. కింద మీ పేరు చూశాను. మా బావగారు ఎప్పుడూ ఇంతే అనుకున్నాను, నవ్వుకున్నాను కూడా. మెప్పు అని నొక్కి, కంప్యూటరు కట్టేసి ఇంటికెళ్లిపోయాను. ఎరుపు నొక్కి ఉంటే మర్నాడే మనిషి వచ్చేవాడు. అక్క పడింది ఆరున.

నొక్కింది ఎవరో, ఎన్నింటికో జల్లెడలో నా పేరుతో ఉంటుంది. సోమవారం దాన్ని తీసి చూపించమని అడగండి. చూపించకపోతే అందరి ముందూ ఇది చదవండి. మేనేజరు కాగితం మీద సంతకం పెట్టలేదు, దీని మీద పెట్టాను. అక్కకి మాత్రం ముందే మీరు చదివి వినిపించండి. నాకు ధైర్యం చాలడం లేదు.

ఏడో తేదీన మీరు ఫోన్‌లో ఒక్కటే అడిగారు, నేను రాసింది నువ్వు చూశావా అని. చూళ్లేదు, అంతా మిషనే చూస్తుంది అన్నాను. చూశాను బావగారూ. అర్థమైంది కూడా. ఆ రోజు కూరలో ఉప్పు లేదని ఎంత బాగా అర్థమైందో, ఇదీ అంత బాగానూ అర్థమైంది.