గురువారం గది

గురువారం, సాయంత్రం

ప్రియమైన వాగుడుకాయకు,

నీ ఉత్తరం అందింది. గొంతులో గడ్డకి పట్నం డాక్టర్లు కరెంటు పెట్టడం అయ్యేదాకా నువ్వు మాట్లాడకూడదన్నారని పక్కింటావిడతో చెప్పాను. "అయ్యో, అంతకంటే కాలు విరిగినా బాగుండేది ఆవిడకి" అంది.

ఈ వారం కొట్టుకి తొమ్మిది కాటాలు వచ్చాయి. ఏడు బాగుచేశాను. మన ఊరి ఆసుపత్రిలో మందుల గది కాటా కూడా సరిచేసి ఇచ్చాను. అక్కడి నర్సమ్మ నా మొహం చూసి ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అని అడిగింది. చెప్పాను. పై అంతస్తులో చివరి గది ఉంది, నాలాంటి వాళ్లే వారానికోసారి కూర్చుని కష్టం సుఖం చెప్పుకుంటారు, డాక్టర్లెవరూ ఉండరు, వెళ్లమంది. ఏ రోజని చెప్పిందో గుర్తులేదు. గురువారం కొట్టుకి సెలవు కాబట్టి ఈ రోజే వెళ్లాను.

కుర్చీలు పదకొండు. మనుషులు తొమ్మిది. ఒక నీళ్ల జగ్గు చేతులు మారుతూ ఉంటుంది. జగ్గు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మాట్లాడాలి. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు పక్కవాళ్ల గ్లాసులో నీళ్లు పోసి జగ్గు దాటించాలి. నేను పోశాను.

సగం అయ్యాక తెలిసింది, ఇంట్లో రోగులున్నవాళ్లు కూర్చునేది మంగళవారమట. గురువారం వాళ్లు తోడు పోగొట్టుకున్నవాళ్లు. లేచి వచ్చేద్దామనుకునేలోగా ఒక పెద్దాయన నా వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసెయ్యమని ఎలా చెప్పను?

మరదలినీ తోడల్లుడినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ కాటాలాయన


ఆదివారం

ప్రియమైన శ్రీవారికి,

నన్నెప్పుడు చంపారు? నాకు కబురైనా పంపలేదేం? చెల్లెలు మీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వింది. తరవాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

మీరు నోరు తెరిచి "అయ్యా, మా ఆవిడ బతికే ఉంది" అనలేరని నాకు తెలుసు. పెళ్లిచూపుల్లో మీకు నచ్చింది మా అక్క అని మావాళ్లు పొరపడితే మూడు రోజులు నోరు విప్పని మనిషి కదా మీరు. అయితే ఈసారి మంగళవారం వెళ్లండి. గంటసేపు కొట్టు మూస్తే లోకం తూకం తప్పిపోదు.

ఇక్కడ రోజూ పొద్దున కరెంటు పెడుతున్నారు. మింగడం కష్టంగా ఉంది. మాట లేకపోవడం ఇంకా కష్టంగా ఉంది. పలక మీద రాసి చూపిస్తున్నాను. పలక మీద పోట్లాడటం చేతకావడం లేదు.

ఎప్పుడొస్తున్నారు? ఇది అడగడం మూడోసారి.

మీ
వాగుడుకాయ


గురువారం

ప్రియమైన వాగుడుకాయకు,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. కాటాలకు సర్కారువారి ఏడాది ముద్ర వేయించుకునే గడువు దగ్గరపడింది, కొట్లో నిలబడే చోటు లేదు. అందుకే రాలేకపోతున్నాను.

మంగళవారాలు కుదరలేదు. మూడు గురువారాలూ వెళ్లాను.

నా వీపు మీద చెయ్యి వేసిన పెద్దాయన లెక్కల మాస్టారు. నలభై ఏళ్లు ఆలుమగలిద్దరూ కిటికీ గురించి పోట్లాడుకున్నారట. ఆవిడ తెరవమనేది, ఈయన మూయమనేవాడు. "ఇప్పుడు తెరిచే పెడుతున్నానండీ, జలుబు వదలడం లేదు" అన్నాడు. ఒక బస్సు కండక్టరమ్మ ఉంది. వాళ్లాయన ఆమె బస్సెక్కినా టికెట్టు కొనేవాడట. "పెళ్లాం బస్సని ఊరికే ఎక్కితే ఊరు నవ్వదూ" అనేవాడట. అతను పోయాక చొక్కా తీస్తే జేబునిండా ఆమె కొట్టిన టికెట్లే.

నాకు జగ్గు వచ్చిన ప్రతిసారీ నీళ్లు పోశాను. ఈ రోజు కండక్టరమ్మ ఊరుకోలేదు. "కాటా గారూ, మీ పక్కన కూర్చుంటే నాకు నీళ్లతోనే కడుపు నిండిపోతోంది. ఒక్క ముక్క చెప్పండి, మీ ఆవిడ ఎలాంటి మనిషి?" అంది.

"బాగా మాట్లాడేది" అన్నాను. అబద్ధం కాదు కదా.

ఈ పూట ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. ఎన్నాళ్లకో.

ఇట్లు,
నీ కాటాలాయన


బుధవారం

ప్రియమైన శ్రీవారికి,

పొడుగు ఉత్తరం రాసే ఓపిక లేదు. చెయ్యి కూడా గొంతు దారే పట్టింది.

ఇక్కడి ఆసుపత్రి కాటా వారం వారం తక్కువ చూపిస్తోంది. మావారొస్తే సరిచేస్తారు అని పలక మీద రాసి నర్సుకి చూపించాను. ఆ పిల్ల నవ్వలేదు.

నేను పోయానని చెప్పుకుంటే మీకు అన్నం సహిస్తోందంటే నాకు కోపం లేదు. నిజంగా లేదు. కాని వాళ్ల సంగతేమిటి? మాస్టారు తన జలుబు మీకు చెప్పుకున్నాడు. ఆ అమ్మాయి టికెట్ల సంగతి చెప్పింది. వాళ్లు అసలు సరుకు తూస్తుంటే మీరు ఖాళీ పళ్లెం పెట్టుక్కూర్చున్నారు. ముప్పై ఏళ్లలో ఒక్క దొంగ తూకం ఎరగని మనిషి మీరు.

చెప్పెయ్యండి. ఆ తరవాత, ముద్రలూ గడువులూ పక్కన పెట్టి, మీరెందుకు రావడం లేదో నాకూ చెప్పండి.

మీ
వాగుడుకాయ


గురువారం, సాయంత్రం

ప్రియమైన వాగుడుకాయకు,

చెప్పేశాను. జగ్గు రాగానే నీళ్లు పోయకుండా ఒళ్లో పెట్టుకున్నాను. "మా ఆవిడ బతికే ఉంది. పట్నంలో చెల్లెలింట్లో ఉండి వైద్యం చేయించుకుంటోంది" అన్నాను. 

మాస్టారు కిటికీ వైపు తిరిగిపోయాడు. మళ్లీ నా వైపు చూడలేదు. అది నాకు తగిన శాస్తే. కండక్టరమ్మ మాత్రం లేచి నిలబడింది.

"బతికున్న మనిషిని అక్కడ పెట్టుకుని ఇక్కడ కుర్చీకి బరువుగా కూర్చున్నారా? లేవండి! ఒక్కరోజు, ఒక్కరోజు దొరికితే చాలని మేమిక్కడ ఏడుస్తుంటే! ఆ ఊరికి ఆదివారం మొదటి బండి నాది. ఆరింటికి. ఎక్కకపోతే మీ కొట్టు ముందు బస్సాపి హారన్ కొడతాను."

గుమ్మం దాకా వచ్చాక, "టికెట్టు మాత్రం కొనాలి" అంది.

నువ్వడిగినదానికి జవాబు. ముద్రల గడువు నిజమే కాని కారణం అది కాదు. గది విషయంలో కూడా నీకు అబద్ధం రాశాను. నర్సమ్మ మంగళవారమని స్పష్టంగానే చెప్పింది. గురువారం తలుపు మీద కాగితం అంటించి ఉంది, అది చదివాకే లోపలికి వెళ్లాను.

నువ్వు బయల్దేరే ముందురోజు కొట్లో పెద్ద కాటా ఎక్కి, "ఎంతున్నానో చెప్పండి చూద్దాం" అని నవ్వావు. నలభై అయిదు అన్నాను. ముల్లు చూపించింది నలభై ఒకటి. నేను చెప్పిన ఒకే ఒక్క దొంగ తూకం అది. ఆ రోజే నాకు అర్థమైపోయింది. వచ్చి చూస్తే ముల్లు ఇంకా ఎంత కిందికి దిగిందో తెలిసిపోతుంది. అందుకని, చూడకుండానే నిన్ను మనసులో సాగనంపేసి ఆ గదిలో కూర్చున్నాను. అక్కడ ఇంక తెలియాల్సిందేమీ ఉండదు.

క్షమించమని అడగడం నాకు రాదు. ఆదివారం ఆరింటి బండికి వస్తున్నాను.

ఇట్లు,
నీ కాటాలాయన


శుక్రవారం

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. ఆదివారం మీరూ అందారు. ఇప్పుడు మీరు పెరట్లో చెల్లెలి వంటింటి కాటా విప్పుకుని కూర్చున్నారు. అది బాగానే పనిచేసేది.

మీరొచ్చి అయిదు రోజులైంది. వచ్చిననాటి నుంచి నా మంచం పక్కన కూర్చుని కాళ్లు పడుతున్నారు, దిండు సర్దుతున్నారు, ఒక్క మాటా మాట్లాడటం లేదు. అందుకే పది అడుగుల దూరానికి ఉత్తరం రాస్తున్నాను. చెల్లెలు తెచ్చి ఇస్తుంది.

నలభై ఒకటని నాకు ఆ రోజే తెలుసు. కాటాలాయన పెళ్లానికి ముల్లు చూడటం రాదనుకున్నారా? మీరు నలభై అయిదు అన్నారు. నేను నమ్మినట్టు దిగాను. అంతకంటే ఏం చెయ్యను, మీ మొహం అలా ఉంటే?

ఇంక లాభం లేదని డాక్టర్లు కరెంటు పెట్టడం ఆపేసి మూడు వారాలైంది. చెల్లెలికి తెలుసు. నేనే మీకు రాయొద్దన్నాను. అంటే నాదీ ఒక దొంగ తూకమే. చెల్లుకు చెల్లు.

ఆ గదిలో మీ కుర్చీ వదులుకోకండి. ఇప్పుడు కాదు, తరవాత. మాస్టారికి నా తరఫున ఒక శాలువా కొనివ్వండి.

ఇప్పుడు ఆ కాటా పక్కన పెట్టి లోపలికి రండి. మంచం పక్కన నీళ్ల జగ్గు ఉంది, దాన్ని మీ చేతికిస్తాను. గ్లాసు మాత్రం దాచేస్తాను.

మీ
వాగుడుకాయ