పాప కుడివైపు చూడాలి

జూన్ 2, సోమవారం
మూడు నెలల మా పాప కలైవాణి మెడ కుడివైపు వాలుతోంది. మొహం ఎప్పుడూ ఎడమకే. టార్టికోలిస్ అన్నారు డాక్టరు. నెల రోజులు ఇంట్లో వ్యాయామం చేయించాలి, మెడ ఎవరిచేతా పట్టించకూడదు. చేయవలసినవి:
గడ్డాన్ని మెల్లగా కుడికి తిప్పడం.
మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టడం.
బొమ్మలు, పలకరింపులు కుడివైపు నుంచే.
ఈ బాధ్యత నాది. నేను టైల్స్ మేస్త్రీని. వంకర తీయడమే నా పని.
అమ్మ వెంకటలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. "హొగేనక్కల్లో నూనె రుద్దేవాళ్ళు ఒక్క తిప్పు తిప్పితే సరిపోతుంది కదరా."
"నెల ఆగమ్మా. నేను చేసి చూపిస్తాను."
"చూస్తా. కాలేదంటే నేనే బస్సెక్కించుకొని పోతా."

జూన్ 3
పొద్దున చేశాను. పాప నవ్వింది. సాయంత్రం చేశాను. మెడ కొంచెం తిరిగినట్టే ఉంది.
నా భార్య సత్యప్రియ: "ఒక్కరోజుకేనా? మీ కండ్లు బాగున్నాయి."

జూన్ 6
కుడివైపు గిలక ఊపాను. పాప ఎడమకే చూసింది. కారణం దొరికింది. మంచానికి కుడివైపు గోడ. ఎడమవైపు టీవీ, తలుపు, వచ్చేపోయే జనం. గోడను ఎవరు చూస్తారు? తల అటుదిటు మారిస్తే గది కుడివైపుకు వస్తుంది. మార్చాను.
అమ్మ: "ఉత్తరానికి తలపెట్టి పండబెట్టేది ఎవర్నో తెలుసా నీకు?" మళ్ళీ దక్షిణానికి తిప్పేసింది.

జూన్ 9
నేను మార్చడం, అమ్మ తిప్పడం. మంచం మీద పాప గడియారం ముల్లు.

జూన్ 13
పాప ఏడ్చింది. ఏడిస్తే ఆపమన్నారు డాక్టరు. ఆపాను. ఈ ఒక్క నియమం తప్పకుండా పాటిస్తున్నాను.

జూన్ 18
పాపిరెడ్డిపట్టిలో పని. ఇంటికి వచ్చేసరికి పాప నిద్ర.

జూన్ 21
పని లేదు. పాప మెలకువ. నాకు నిద్ర.

జూన్ 24
"ఈపొద్దు చేసినారా?" అంది సత్యప్రియ.
"అయింది."
"ఎప్పుడు?"
టీవీ శబ్దం పెంచాను. పాప అటే చూసింది.

జూన్ 29, ఆదివారం
అమ్మ మంచి చీర కట్టింది. సంచిలో పాప గుడ్డలు, నువ్వులనూనె సీసా.
"ఇంకా నెల కాలేదమ్మా."
"నువ్వు బిడ్డ మెడ ముట్టి వారమైంది. నేనేమన్నా గుడ్డిదాన్నా?"
"పట్టించొద్దని డాక్టరు చెప్పినాడు."
"ఆయన చెప్పినవి నువ్వు చేసినావా?"
సత్యప్రియ పాపను ఎత్తుకుని తలుపుకు అడ్డంగా నిలబడింది. "బిడ్డ మెడ ఎవరి చేతికీ ఇయ్యను అత్తా." తర్వాత నావైపు తిరిగింది. "గోడ జరగదు. మంచం జరుగుతుంది గదా? మేస్త్రీకి ఇది గూడా తోచలేదా?"
మంచాన్ని గది మధ్యకు లాగాం. బీరువా తలుపు ఇక తెరుచుకోదు. పాప తల దక్షిణానికే ఉంది. టీవీ ఆపాం. గోడకూ మంచానికీ మధ్య సందులో పట్టేది అమ్మ ఒక్కతే. సంచి ఒళ్ళోనే పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.
"ఏమే కలై, మీ నాయన ఒట్టి సోంబేరి. విన్నావా?"
ముందు పాప కళ్ళు తిరిగాయి. తర్వాత గడ్డం. సగం దాకా వచ్చి ఆగింది.
ఎవరమూ కదల్లేదు.
"ఇంకా చెప్పమ్మా," అన్నాను.
అమ్మ నా తప్పులు చెప్పడం మొదలుపెట్టింది, నేను పుట్టినప్పటి నుంచి. పాప మొహం మధ్యమధ్య ఎడమకు జారినా మళ్ళీ అమ్మవైపుకే వచ్చింది. బస్సు వెళ్ళిపోయింది.

జూన్ 30
పొద్దున్నే మళ్ళీ మొదలు. గడ్డం తిప్పడం నా పని. బోర్లా పడుకోబెట్టడం సత్యప్రియది. పలకరింపు అమ్మది. నా తప్పులు చెబుతూ అయిదో తరగతి దాకా వచ్చింది. ఇంకా చాలా ఉంది.