నువ్వు తెచ్చిన తూటాల డబ్బా

నాయినా,

ఇవాళ నువ్వు పోయిన రోజు. పాత యుద్ధ సామాన్లు పోగేసే ఒకాయన సూర్యాపేట నుంచి మన మాడుగులపల్లికి వచ్చాడు. ఇటలీ యుద్ధంలో జర్మనీ మిషన్‌గన్ దగ్గర నీకు దొరికిన గుండ్రటి తూటాల డబ్బా చూపించాను. "ఫౌజుల గంటె తిప్పి వచ్చిండు" అని, వంటవాడివే గాని యుద్ధం చూడలేదని నిన్ను చూసి నవ్విన ఊరికి అది అసలుదని చెప్పించాలని నా ఆరాటం.

ఆయన భూతద్దం పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

"అమ్మా, అసలుదైతే మూత మీద గద్ద ముద్ర ఉంటది, పాత రంగుంటది. దీన్నెవరు గీకిన్రు?"

"నేనే బిడ్డా. ఏటా దసరాకు పూజల పెడత. తుప్పుతోని పెడితే మా నాయినకు చిన్నతనం గాదా? ఉప్పు కాగితంతోని రుద్ది వెండి రంగేసిన."

"అయ్యో! ఇగ ఇది అసలుదో నకలుదో ఎవ్వరూ చెప్పలేరమ్మా."

ఆయన వెళ్లిపోయాడు. నాకు అన్నం సయించలేదు. అప్పట్లో ఉప్పు కాగితంతో రుద్దుతుంటే మూత మీద వేలికి సన్నటి గీతలు తగిలాయి. తుప్పు తిన్న గాట్లనుకుని, అక్కడే ఇంకా గట్టిగా రుద్దాను నాయినా.

నీ బిడ్డ