గంగులమ్మక్క వద్దన్న అన్నం

మదనపల్లె, 2004 మే, ఆదివారం రాత్రి

కుప్పంలో చదువుకునే రోజుల్లో నాకు పూటపూటా అన్నం పెట్టిన గంగులమ్మక్క, నేను జర్మనీ నుంచి వచ్చానని తెలిసి ఈరోజు చూడ్డానికి వచ్చింది. అన్నం తినమన్నాను.

"వద్దులేమ్మా, తినే వచ్చినా" అంది.

సరేనని గిన్నెల మీద మూతలు పెట్టేశాను. కాసేపు కూర్చుని, నీళ్లు తాగి వెళ్లిపోయింది.

"వద్దంటే ఊరుకుంటారా అక్కా? తెల్లారే బస్సెక్కిన మనిషి, యాడ తినింటాది?" అని చెల్లెలు కోప్పడింది. బస్టాండుకు పరుగెత్తాను. కుప్పం బస్సు వెళ్లిపోయింది.

వద్దంటే వద్దనే అనుకునే ఈ పాడు మర్యాద నాకెప్పుడు అబ్బిందో!

ఎల్లుండే జర్మనీకి తిరుగు ప్రయాణం. కుప్పం వెళ్లే వీల్లేదు. జర్మనీలో దిగగానే అక్కడి కొత్త పిల్లలకు నేను తెలుగు క్లాసు చెప్పాలి. ఏటా మొదటిరోజు వాళ్లకు నవ్వుతూ చెప్తాను, మావాళ్లు వద్దంటే వినకండి, వడ్డించేయండి అని.